వైమానికుని అనుభవమునకు కొలత యేది?

బస్సు ఎక్కునప్పుడు మనము తెలియకుండనే డ్రైవరు ముఖము వంక చూతుము. నాలుగు వెండ్రుకలు నెరసినవాడైనచో మనస్సు కుదుటపడును. నూనూగు మీసములవాడైనచో ఒకింత గతుక్కుమనును. రైలు నడపువాడు మనకు కనిపింపకున్నను, బండి పట్టాల మీదనే పోవును గదా యను ధైర్యము కలదు. విమానములో ఈ రెండు ఊరటలును లేవు. ముందరి గది తలుపు మూసి లోపల గడియ వేయబడియుండును. ముప్పదియైదు వేల అడుగుల ఎత్తున మనకు దక్కునది ఒక కంఠస్వరము మాత్రమే. ఆ కంఠము మరీ లేతగా వినిపించినచో ప్రక్కప్రక్క సీట్లలోనివారు ఒకరి ముఖ మొకరు చూచుకొనుట నేను పలుమారులు గమనించితిని.

ఆ తలుపు వెనుక కూర్చున్నవారికి అనుభవ మెంత? ఎంత ఉండవలయును? దానిని దేనితో కొలువవలయును? ఈ ప్రశ్నలకు అమెరికాలో ఒక విధముగను, ఐరోపాలోను మన దేశములోను మరియొక విధముగను సమాధానము చెప్పుచున్నారు. రెండు సమాధానములును మనుష్యుల ప్రాణములతో ముడివడినవే.

ప్రయాణికుల పెద్ద విమానములలో ఇద్దరు పైలట్లుందురు. ఎడమ సీటున కెప్టెన్, కుడి సీటున సహపైలటు. సహపైలటనగా కేవలము సహాయకుడని పలువురనుకొందురు. అది సరి కాదు. ఒక పర్యాయము ఒకరు, మరియొక పర్యాయము మరియొకరు విమానమును నడుపుదురు. ఒకరు నడుపుచుండగా రెండవవారు వేగము, ఎత్తు, దిక్కు కనిపెట్టి చూచుచు, భూమిపైనున్న నియంత్రణ కేంద్రముతో మాటాడుచుందురు. కెప్టెనునకు నడి ఆకాశమున గుండెపోటు వచ్చెనా, నూట ఎనుబదిమంది ప్రాణములును ఆ కుడి సీటులోని వ్యక్తి చేతిలోనే యుండును.

ప్రతి పైలటును తాను విమానములో గడపిన కాలమును గంటలలో ఒక పుస్తకమునందు వ్రాసికొనును. దానినే లాగ్‌బుక్ అందురు. మన దేశములో వాణిజ్య పైలటు లైసెన్సు పొందుటకు 200 గంటలు చాలును. దినమునకు ఎనిమిది గంటలు పనిచేయు గుమాస్తాకు ఇది సరిగా ఇరువదియైదు దినముల పని. అందులోను ఎక్కువ భాగము ఒంటి ఇంజను చిన్న విమానములలో గడచినదే. ఆపైన ఒక నిర్ణీత రకము జెట్ విమానమును నడపుటకు సిమ్యులేటరులో, అనగా నేలమీద నుండియే ఆకాశయానమును అనుభవింపజేయు యంత్రములో, ప్రత్యేక శిక్షణ పొంది, ఇరువది యొకటి, ఇరువది రెండేండ్ల యువతీయువకులు జెట్ విమానపు కుడి సీటులో కూర్చుండవచ్చును. కెప్టెన్ కావలెనన్న మాత్రము 1,500 గంటలతోడి పైమెట్టు లైసెన్సు కావలయును. ఐరోపాలోను సహపైలట్లు ఇంచుమించుగా ఇట్లే ప్రవేశింతురు. అమెరికాలో మాత్రము 2013 నుండి కుడి సీటులో కూర్చుండుటకే సామాన్యముగా 1,500 గంటలుండవలయును. ఈ భేదమెందుకు వచ్చెనో తెలిసికొనుటకు ఒక రాత్రి కథ చెప్పవలసియున్నది.

2009 ఫిబ్రవరి 12. కోల్గన్ ఎయిర్ అను చిన్న సంస్థవారి 3407వ నెంబరు విమానము న్యూయార్కు నగరపు ప్రక్కనున్న న్యూఆర్కు నుండి బఫెలో నగరమునకు బయలుదేరెను. రెండు పంకాల క్యూ400 రకపు విమానమది. అందులో 49 మంది యుండిరి. చలికాలము, దారిలో రెక్కలపైన, ముందరి అద్దముపైన మంచు పేరుకొనుచుండెను. కెప్టెన్ ఫ్లోరిడాలో కాపురముండి అక్కడనుండి వచ్చి పనిచేయువాడు. సహపైలటు ఒక యువతి. దేశమునకు ఆ కొసనున్న సియాటిల్ నుండి రాత్రికి రాత్రి విమానములు మారుచు వచ్చి, సిబ్బంది గదిలో కాసేపు నడుము వాల్చి విధికి హాజరైనది. ఆ చిన్న సంస్థల పైలట్ల జీతములు నాడు చాల తక్కువ. పనిచేయు ఊరిలో ఇల్లు అద్దెకు తీసికొనుట చాలమందికి శక్తికి మించిన పని.

విమానము దిగుటకు కొన్ని నిమిషముల ముందు వారిద్దరును ఏమి మాటాడుకొనుచుండిరో కాక్‌పిట్ శబ్దగ్రాహక యంత్రములో నమోదైయున్నది. పదివేల అడుగులకు దిగువన పనికి సంబంధింపని సంభాషణ నిషిద్ధము. ఐనను వారు అద్దముపైని మంచును చూచి అనుభవమును గూర్చియే ముచ్చటించుకొనిరి! ఇట్టి మంచు వాతావరణము తనకు ఇంతకుముందు ఎన్నడును పరిచయము లేదని ఆమె చెప్పెను. తాను ఈ సంస్థలో చేరునాటికి తనకు ఆరువందల పైచిలుకు గంటలు మాత్రమే యుండెనని అతడు చెప్పెను. ఆ మాటల తరువాత వారికి మిగిలిన ఆయుర్దాయము నిమిషములలో నుండెను.

చక్రములు దింపిరి. వేగము తగ్గసాగెను. ఇద్దరిలో ఎవరును దానిని గమనింపలేదు. వేగము అపాయకరముగా తగ్గినప్పుడు పైలటు చేతిలోని నియంత్రణ స్తంభము తనంతట తానే గడగడ వణకి హెచ్చరించును. అది వణకెను. ఆటోపైలటు యంత్రము తప్పుకొనెను. ఆ క్షణమున కెప్టెన్ స్తంభమును ముందునకు నెట్టవలసినది, వెనుకకు లాగెను.

ఇందులోని దోషము బోధపడుటకు ఒక చిన్న ప్రయోగము. పరుగెత్తు బస్సు కిటికీలోనుండి చేయి బయట పెట్టుట మంచి పని కాదు గాని, చిన్ననాడు అందరమును చేసియుందుము. అరచేతిని గాలికి కొద్దిగా ఏటవాలుగా పెట్టినచో గాలి చేతిని పైకి లేపును. ఏటవాలు మరీ ఎక్కువైనచో చేయి పైకి లేచుట మాని వెనుకకు కొట్టుకొనిపోవును. విమానపు రెక్కయు అంతే. దాని మీదుగా గాలి నునుపుగా జారిపోవుచున్నంతవరకే అది బరువు మోయును. ముక్కు పరిమితికి మించి పైకెత్తినచో గాలి రెక్కను వదలి చెదరిపోవును. రెక్క మోయుట మానును. దీనినే స్టాల్ అందురు. ఇంజను ఆగిపోవుట కాదిది, రెక్క ఓడిపోవుట. అప్పుడు చేయవలసినది ముక్కును దించుట. కాని నేల వంకకు పడిపోవుచున్న మనిషికి ముక్కును ఇంకను దించుమని ఏ సహజబుద్ధియు చెప్పదు. పైకి లాగుమనియే చెప్పును. ఆ సహజబుద్ధిని జయించుటకే శిక్షణ.

కెప్టెన్ లాగెను. ముక్కును బలవంతముగ దించుటకు విమానములో మరియొక సాధనము కలదు, అదియు పనిచేసెను. అతడు దానికి ఎదురుగా ఇంకను లాగెను. అదే సమయమున సహపైలటు, అతడు ఆజ్ఞాపింపకయే, రెక్కల వెనుక దింపియుంచిన ఫ్లాపులను ముడిచెను. మొదటి హెచ్చరిక మొదలు నేలకూలువరకు అర నిమిషము కూడ పట్టలేదు. విమానములోని 49 మందియు, అది పడిన ఇంటిలోని ఒకరును, మొత్తము 50 మంది మరణించిరి.

ఆ దేశపు జాతీయ రవాణా భద్రతా మండలి ఒక సంవత్సరము విచారణ జరిపి, మంచు ప్రధాన కారణము కాదని, హెచ్చరికకు కెప్టెన్ చేసిన విపరీత ప్రతిక్రియయే కారణమని తేల్చెను. ఆ విచారణలో బయటపడిన మరికొన్ని సంగతులు గమనింపదగినవి. అతడు పూర్వము కొన్ని విమాన పరీక్షలలో తప్పియుండెను. వానిలో కొన్నింటిని ఉద్యోగపు దరఖాస్తులో పేర్కొనలేదు. ముక్కును దించు ఆ సాధనమును గూర్చి తరగతిలో పాఠము చెప్పిరే గాని, సిమ్యులేటరులో దానిని చేతితో అనుభవింపజేయలేదు. నాటి శిక్షణలో స్టాల్ దరిదాపులకు వచ్చి, ఎత్తు తగ్గకుండ బయటపడుటయే నేర్పరితనముగా ఎంచబడుచుండెను. ఎత్తు తగ్గకుండుటపై అంత మక్కువ పెంచి, తరువాత ముక్కును దింపలేదని నిందించుటలో ఎంత న్యాయము కలదో నాకు సందేహమే.

మృతుల బంధువులు ఊరకుండలేదు. ఎఱ్ఱని దుస్తులు ధరించి వాషింగ్టనులో సభ్యుల కార్యాలయముల చుట్టు తిరిగిరి. 2010లో చట్టము వచ్చెను. దాని ఫలితమే ఆ 1,500 గంటల నియమము. సైన్యములో శిక్షణ పొందినవారికి 750, విమానయాన పట్టభద్రులకు 1,000 గంటలని కొన్ని సడలింపులు కలవు. పైలట్ల కొరత యేర్పడినదని, ఈ సంఖ్యను తగ్గింపవలెనని తరువాత చాల ఒత్తిడి వచ్చెను. 2024లో చట్టమును పునరుద్ధరించినపుడు కూడ ఆ కుటుంబముల వారు గట్టిగా నిలిచి, సంఖ్యను కదలనీయలేదు.

ఇక్కడ ఒక చిక్కు కలదు. ఆ రాత్రి కెప్టెనునకు 3,379 గంటల అనుభవము కలదు. సహపైలటునకు 2,244 గంటలు. అనగా తమ మృతి కారణముగా వచ్చిన నియమమును వారిద్దరును ఏనాడో దాటియున్నవారే! ఆ చట్టము ఆ దినమున అమలులో నున్నను ఆ విమానమును ఆపియుండెడిది కాదు. అసలు సంఖ్య వేరొకచోట నున్నది. ఆ రకము విమానమునకు కెప్టెనుగా అతనికి 111 గంటలు మాత్రమే.

ఐనను ఆ కుటుంబములది వృథాశ్రమ యని నేననను. లోపము శిక్షణలో నున్నదని అందరికిని తెలియును. కాని శిక్షణ గుణమును కొలుచు తూనికరాయి యేది? గంటలను లెక్కింపవచ్చును, గుణమును లెక్కింపలేము. కనుక శాసనకర్తలు లెక్కింపగలిగినదానిని లెక్కించిరి. దానితో చిన్న సంస్థలు ఆరువందల గంటలవారిని తక్కువ జీతమునకు కుదుర్చుకొనుట ఆగినది. క్రమముగా జీతములును పెరిగినవి. ఆ మేరకు లాభమే.

కాని ఆ 1,500 గంటలు ఎట్లు సమకూరును? అమెరికాలో చాలమంది చిన్న విమానములో క్రొత్తవారికి ఓనమాలు నేర్పుచు కూడబెట్టుకొందురు. కొందరు ప్రకటనల పతాకములను విమానమునకు కట్టి సముద్రతీరము వెంబడి లాగుకొని తిరుగుదురు. ఎండకాచిన ఆకాశమున, అదే తీరము వెంబడి, వేయిసార్లు. వేయి గంటల అనుభవమా యది, ఒక గంట అనుభవము వేయిసార్లా? ఐరోపావారి వాదము ఇదే. వారు యువకుని మొదటినుండియు ఇద్దరు కలిసి నడపు పెద్ద విమానము కొరకే తీర్చిదిద్దుదురు. 2006లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ అంగీకరించిన ఒక లైసెన్సునకు మొత్తము 240 గంటలు చాలును. అందులోను సిమ్యులేటరు గంటలే హెచ్చు. ఈ పద్ధతిలో తయారైనవారితో ఐరోపా ఆకాశము అమెరికా ఆకాశముకంటె అపాయకరమైనదని చెప్పుటకు ఆధారము లేదు.

గంటలు వేలకొలదిగా నున్నను ఏమగునో ఆ 2009లోనే అట్లాంటిక్ మహాసముద్రము మీద తెలిసినది. జూన్ 1న రియో డి జనీరో నుండి పారిస్ పోవు ఎయిర్ ఫ్రాన్స్ 447వ నెంబరు విమానములో, వేగమును కొలుచు గొట్టములలో మంచు స్ఫటికములు చేరి, ఆటోపైలటు తప్పుకొనెను. ముగ్గురు పైలట్ల గంటలు కలిపినచో ఇరువది వేలు దాటును. వారిలో చిన్నవాడు, ఇంచుమించు మూడువేల గంటలవాడు, అప్పుడు నడుపుచుండెను. అతడును లాగెను. ఇంచుమించు 38 వేల అడుగులకు లేచి, స్టాల్ అయి, హెచ్చరిక పలుమారులు మ్రోగుచుండగనే, నాలుగున్నర నిమిషములలోపల విమానము సముద్రమున పడెను. 228 మంది పోయిరి. విశ్రాంతి గదినుండి పరుగెత్తి వచ్చిన కెప్టెనునకు పదివేలకు పైగా గంటలున్నను, ఏమి జరుగుచున్నదో అతనికిని అంతుపట్టలేదు. దూరప్రయాణపు జెట్ విమానములో పది గంటలు వ్రాసికొన్న పైలటు, స్వహస్తములతో నడపినది కొన్ని నిమిషములే. మిగిలినదెల్ల ఆటోపైలటు పని. లాగ్‌బుక్కులో ఆ భేదము కనిపింపదు.

ఈ రెండు ప్రమాదముల తరువాత శిక్షణయే మారినది. స్టాల్ దరిదాపులకు పోయి వెనుదిరుగుట కాక, సిమ్యులేటరులో పూర్తిగా స్టాల్ లోనికి పోనిచ్చి బయటపడుట నేర్పవలెనని అమెరికాలో 2013లో నిబంధన చేసిరి; 2019 మార్చి నాటికి సంస్థలన్నియు దానిని పాటింపవలసి వచ్చెను. పైలటు తప్పిన పరీక్షల చిట్టా క్రొత్త యజమానికి తెలియుటకు కేంద్రముగ ఒక దస్త్రము ఉండవలెనని 2010 చట్టమే చెప్పినను, దాని నియమావళి పూర్తియగుటకు 2021 వచ్చెను. నా మటుకు ఈ రెండు మార్పులును 1,500 అను సంఖ్యకంటె విలువైనవిగా తోచును. వీనిని గూర్చి పత్రికలలో పెద్ద అక్షరములు పడలేదు.

అనుభవము తక్కువైనవాని మీద నింద మోపుట సులభమని కూడ చెప్పవలసియున్నది. 2019 మార్చి 10న ఇథియోపియా దేశపు విమానము కూలి 157 మంది మరణించినపుడు, సహపైలటునకు 361 గంటలే యుండెనని కొందరు పెదవి విరిచిరి. కాని ఆ బోయింగ్ 737 మాక్స్ విమానములో ఒకే ఒక్క పరికరము ఇచ్చిన తప్పుడు సమాచారమును నమ్మి ముక్కును మరల మరల క్రిందికి నెట్టు ఏర్పాటుండెను. ప్రక్కనున్న కెప్టెనునకు ఎనిమిది వేలకు పైగా గంటలు కలవు. అతనికిని అది లొంగలేదు.

మరియొక వైపు చూడుడు. 2009 జనవరి 15న న్యూయార్కులో పక్షులు తగిలి రెండింజనులును చచ్చిన విమానమును కెప్టెన్ సలెన్‌బర్గర్ హడ్సన్ నదిలో దించి 155 మందిని కాపాడెను. లోకమంతయు ఆయన నెరసిన జుట్టును, ఇరువదివేల గంటలకు చేరువైన అనుభవమును కొనియాడెను, అది తగినదే. ప్రక్కనున్న సహపైలటు స్కైల్స్ కూడ పదియేనువేల గంటలు దాటినవాడే. కాని ఆ ఎయిర్‌బస్ 320 రకములో అతని అనుభవము 37 గంటలు! అంతకుముందే శిక్షణ ముగించి వచ్చియుండుటచేత ఇంజనులను తిరిగి ప్రారంభించు క్రమపట్టిక అతనికి చేతికంది వచ్చెనని సలెన్‌బర్గరే పలుకుట కలదు. క్రొత్తదనము కూడ ఒక్కొక్కప్పుడు ఉపకరించును.

మన దేశమునకు వత్తము. ఇక్కడ 200 గంటలు చాలునా యను ప్రశ్నకు ముందు, ఆ 200 గంటలు నిజముగా ఎగిరినవేనా యను ప్రశ్న యొకటి 2011లో తలయెత్తినది. నకిలీ మార్కుల పత్రములతో పైమెట్టు లైసెన్సులు సంపాదించినవారు పట్టుబడిరి. ఎగురని గంటలను ఎగిరినట్లు లాగ్‌బుక్కులలో వ్రాయించుకొన్నవారును బయటపడిరి. లక్షలకు లక్షలు అప్పుచేసి పిల్లలను పంపిన తల్లిదండ్రులు, త్వరగా ముగించి ఉద్యోగమునకు పంపవలెనను శిక్షణాలయములు, విమానముల కొరత, వాన కాలపు ఆటంకములు. ఇవన్నియు కలిసి కలమును రెక్కలకంటె వేగముగ నడిపించినవి. గంటను లెక్కించుటకైనను ఒక నమ్మకము కావలయును గదా!

ఇక మంగుళూరు. 2010 మే 22 తెల్లవారుజామున దుబాయి నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానము గుట్టపైనున్న రన్‌వేను దాటి లోయలో పడి మండిపోయెను. 166 మందిలో 8 మంది మాత్రమే బ్రతికిరి. కెప్టెన్ పదివేల గంటలు దాటినవాడు. సహపైలటునకు అందులో మూడవవంతునకు కొంచెము పైమాట. ప్రయాణములో చాలసేపు కెప్టెన్ నిద్రించెనని, గురకశబ్దము యంత్రములో నమోదైయున్నదని విచారణలో తేలెను. మేల్కొన్న పిదప విమానము ఉండవలసినదానికంటె చాల ఎత్తున నుండెను. దిగుట మాని మరల పైకి లేచి చుట్టు తిరిగి రావలెనని కనిపెట్టినది, నోరు తెరచి ఒకటికి రెండుమారులు చెప్పినది ఆ చిన్నవాడే. పెద్దవాడు వినలేదు.

చెప్పుట అతనికి వచ్చెను. చేతిలోనికి తీసికొనుట రాలేదు. ఎట్లు వచ్చును? పెద్దలు నడపుచుండగా చిన్నవారు చేయి పెట్టరాదను మర్యాదలో పెరిగినవారమే మనమందరమును. నేడు చాల సంస్థల నియమావళిలో, రెండుమారులు హెచ్చరించినను కెప్టెన్ బదులు పలుకనిచో సహపైలటు నియంత్రణమును తాను తీసికొనవలెనని స్పష్టముగ వ్రాసియున్నది. సిమ్యులేటరులో ఆ మాటను బిగ్గరగా పలికి, స్తంభమును పట్టుకొనుట అభ్యాసము చేయింతురు. ఇరువది రెండేండ్ల యువతి, తన తండ్రి వయస్సు గల కెప్టెనుతో, నియంత్రణము నాది యని పలుకవలయును. ఆ పలుకునకు పట్టు సమయము రెండు సెకండ్లు. లాగ్‌బుక్కులో దానికి గడి లేదు.